రెండో ఎక్స్‌పోజరు

ఫిబ్రవరి 4

అన్నయ్యకి,

కూర్చుని చదువు. వదిన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో. నిలబడే చదువుతానంటుంది, వినకు.

నాకు క్యాన్సర్ వచ్చింది. ఇంత సూటిగా రాస్తుందేమిటీ అనుకోకు. బస్సులో ముప్ఫై ఏళ్ళు టిక్కెట్లు కొట్టినదాన్ని. జనం ముందుకి జరగాలంటే "ముందుకి జరగండి" అనే అరిచాను గానీ, "వెనకాల కాస్త రద్దీగా ఉన్నట్టుందండీ" అని డొంకతిరుగుడు మాట్లాడలేదు.

యోనిలో వచ్చింది. గర్భసంచి కాదు, దాని ముఖద్వారమూ కాదు, దానికి దిగువన ఉండే దారి. నెలసరి ఆగిపోయి ఎన్నేళ్ళో అయింది కదా, మళ్ళీ రక్తం కనపడితే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. మా ఆయన ఉతకడానికి వేసిన బట్టలు చూశాడు. చొక్కా వేసుకుని, కారు తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మాట్లాడటమంటే అదే కదా.

డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. "ఇది చాలా అరుదమ్మా. ఇంత పెద్ద ఆస్పత్రిలో కూడా ఏడాదికి ఏ కొందరినో చూస్తాం" అంది. నాకు జన్మలో లాటరీ తగల్లేదు, తగిలి తగిలి ఇది తగిలింది. రెండో దశట. గోడ దాటి పక్కకి పాకింది గానీ దూరం పోలేదట. ఆపరేషన్ చేస్తే మూత్రసంచి, పేగు కూడా తీసెయ్యాల్సి రావచ్చట. అందుకని రేడియేషనే అసలు వైద్యం. ముందు ఐదు వారాలు బయటి నుంచి మిషనుతో. వారానికోసారి సెలైనుతో పాటు మందు. అది అయ్యాక, లోపలి నుంచి ఇంకో రకం రేడియేషన్.

ఫోన్ మాత్రం చెయ్యకు. నీకు వినపడదు, నాకు అరిచే ఓపిక లేదు. పోయినసారి మా ఆయన కంటి ఆపరేషన్ సంగతి చెబితే, "శుభం, ముహూర్తం ఎప్పుడు?" అన్నావు.

ఉత్తరం రాయి. నవ్వొచ్చేది రాయి. వెయిటింగ్ హాల్లో చదువుకుంటాను. అక్కడ ఉన్న పత్రికలన్నీ మోకాళ్ళ నొప్పుల గురించే.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 10

చెల్లాయికి అన్నయ్య దీవెనలు. బావకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. మీ వదిన నిలబడే చదివింది. చదివాక కూర్చుంది. తరవాత లేచి, ఏమీ లేని స్టవ్వు తుడిచింది. నేను పెరట్లోకి వెళ్ళి కాసేపు మొక్కలకి నీళ్ళు పోశాను. వానపడి తడిసున్న మొక్కలకే పోశానని తరవాత తెలిసింది.

సరే. ముందు నీ మీద ఒక ఫిర్యాదు. ఆ మాట ఉత్తరంలో అలా రాసేస్తావుటే? మా పోస్టుమ్యాన్ కవరు ఎండకి పట్టుకుని చూసే రకం. "అక్కడ" అని రాస్తే నాకు అర్థం కాదా? ఇకనుంచి నేను "అక్కడ" అనే రాస్తాను. నువ్వూ అలాగే రాయి. ఆడతోబుట్టువుతో అన్న మాట్లాడే మాటలకో హద్దుంటుంది. "హద్దు అన్నయ్యకా, జబ్బుకా?" అంటోంది మీ వదిన వెనకనుంచి. పట్టించుకోకు.

ఇప్పుడు అసలు విషయం. రేడియేషన్ అంటే ఏమిటి? వెలుతురు. కంటికి కనపడని వెలుతురు. వెలుతురు గురించి మీ డాక్టరమ్మ కాలేజీలో చదువుకుందేమో, నేను నలభై ఏళ్ళు చీకటిగదిలో దానితో కాపురం చేశాను. ఎర్రబల్బు కింద కాగితం మీద మనిషి మొహం మెల్లిగా తేలుతుంటే చూసినవాణ్ణి. కాబట్టి నా మాట విను.

మా గురువుగారి సంగతి ఎప్పుడైనా చెప్పానా? చెప్పే ఉంటాను, అయినా విను. ఆయన స్టూడియోలో నేను పనికి చేరిన కొత్త. ఒక పెళ్ళికి ఫోటోలు తీశారు. భోజనం మీద ధ్యాసతో రీలు తిప్పడం మరిచిపోయి, ఒకే ఫిల్మ్ మీద రెండు సార్లు నొక్కేశారు. కడిగి చూస్తే ఏముంది? పెళ్ళికూతురి మేనత్తకి పెళ్ళికొడుకు మీసం! మామూలు మీసమా, కొసలు మెలేసిన మీసం. ఆవిడ హుందాగా నిలబడి ఉంది, మీసం ఆవిడ మొహానికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. గురువుగారు ఫోటో ఇవ్వనని దాస్తే, ఆవిడ స్వయంగా వచ్చి లాక్కుని చూసింది. చూసి ఏమందో తెలుసా? "మా నాన్నగారిలా ఉన్నాను" అని మురిసిపోయి పెద్దసైజు చేయించుకుంది. అది వేరే కథ. నేను చెప్పొచ్చేదేమిటంటే, ఒకసారి వెలుతురు తిన్న ఫిల్మ్‌కి రెండోసారి వెలుతురు పెట్టకూడదు. పాడైపోతుంది. బయటి నుంచి పెడతారు, బాగానే ఉంది. మళ్ళీ లోపలి నుంచి ఎందుకు? మీ డాక్టరమ్మని అడుగు. మీ అన్నయ్య వద్దన్నాడని చెప్పు.

మా లైబ్రరీలో వైద్యం మీద లావుపాటి పుస్తకం ఒకటుంది. తలకింద పెట్టుకుంటే మంచం అక్కర్లేదు. అందులో నీ సంగతి చదివి అన్నీ వివరంగా రాస్తాను.

దీవెనలతో
మీ అన్నయ్య


మార్చి 1

అన్నయ్యా,

నీ ఉత్తరం వెయిటింగ్ హాల్లో గట్టిగా చదివాను. మీసం దగ్గరికొచ్చేసరికి చీటీలు రాసే అమ్మాయి "నెమ్మదిగా" అనడానికి లేచొచ్చి, ఉత్తరం అయిపోయేదాకా అక్కడే నిలబడింది. ఇప్పుడు రోజూ "మీ అన్నయ్యగారు రాశారా?" అని అడుగుతోంది. కాబట్టి నీకు పాఠకులు పెరిగారు, బాధ్యతా పెరిగింది.

వైద్యం సగానికి వచ్చింది. మిషను ఎక్కేముందు సీసాడు నీళ్ళు తాగి బిగపట్టుకోవాలి. మూత్రసంచి నిండితే పేగులు పక్కకి తప్పుకుంటాయట, కిరణం వాటికి తగలదట. మిగతావాళ్ళు కాళ్ళు మెలేసుకుని, మొహాలు మాడ్చుకుని కూర్చుంటారు. మిషను నడిపే అమ్మాయి నన్ను, "ఉండగలరా ఆంటీ?" అని అడిగింది. "చూడమ్మా, ఆడవాళ్ళకి ఒక్క మరుగుదొడ్డి కూడా కట్టని రూట్లో ముప్ఫై ఏళ్ళు డ్యూటీ చేశాను. నాకు ఇందులో పింఛను రావాలి" అన్నాను.

నడుముకి పచ్చబొట్టు చుక్కలు పొడిచారు, ప్రతిరోజూ గురి ఒక్కచోటే కుదరడానికి. బల్ల మీద పడుకుంటే మిషను నా చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. నొప్పేమీ లేదు. మైకులో "కదలకండి" అంటారు. జీవితమంతా జనాన్ని "కదలండి, కదలండి" అన్నదానికి దేవుడు వేసిన శిక్ష అనుకుంటాను. నీరసం ఉంది. పొట్ట మాట వినట్లేదు. కింద చర్మం మండుతోంది, పూతమందు ఇచ్చారు. మా ఆయన గేటు దగ్గర కారులోనే కూర్చుంటాడు. లోపలికి రమ్మంటే, "పార్కింగు" అంటాడు.

ఇంక నీ "అక్కడ" గురించి. అక్కడంటే ఎక్కడన్నయ్యా? నా ఒంట్లో అక్కడలు చాలా ఉన్నాయి. మా హాల్లో ఒకావిడ ఉంది. నాలాంటి జబ్బే. ఇంట్లో సిగ్గేసి, కిడ్నీలో రాయి అని చెప్పుకుంది. కొడుకు రోజూ సాయంత్రం "అమ్మా, రాయి పడిందా?" అని అడుగుతున్నాడట. పడిందంటే వైద్యం ఆగాలి, పడలేదంటే ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటాడు. పాపం, ఎటూ చెప్పలేక నలిగిపోతోంది.

నీ ఫిల్మ్ సిద్ధాంతం డాక్టరమ్మకి చెప్పాను. "మీ అన్నయ్యగారు ఏం చదివారు?" అంది. "చాలా చదివారండీ, దేనికీ పరీక్ష రాయలేదు" అన్నాను. నవ్వింది. లోపలి రేడియేషన్ సంగతి ఐదు వారాలు అయ్యాక చూద్దామంది.

లైబ్రరీ పుస్తకం ఏమంటోంది? తొందరగా రాయి. హాలంతా ఎదురుచూస్తోంది.

నీ చెల్లెలు


మార్చి 9

చెల్లాయికి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ధైర్యంగా ఉండు. అంతా ఆ భగవంతుడే చూసుకుంటాడు. నీకు తినాలనిపించినవన్నీ తిను. ఎక్కడికైనా వెళ్ళాలనిపిస్తే బావని తీసుకెళ్ళమను.

ఆశీస్సులతో
అన్నయ్య


మార్చి 16

అన్నయ్యా,

నీ ఉత్తరం తీసుకుని హాల్లోకి వెళ్ళాను. అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. విప్పాను. చదివాను. చీటీల అమ్మాయి, "వెనకవైపు చూడండి ఆంటీ, ఇంకా ఉంటుంది" అంది. వెనకవైపు ఖాళీ.

ఇన్నేళ్ళలో నువ్వు పిట్టకథ లేకుండా నాకు రాసిన ఉత్తరం ఇదొక్కటే. మన మేనమామ పోయినప్పుడు సంతాపం కార్డు మీద కూడా, ఆయన గొడుగు పోగొట్టుకున్న కథ అంచుల చుట్టూ తిప్పి రాశావు. ఆఖరికి భగవంతుణ్ణి కూడా పిలిచావు. ఆయనతో నీకు ఎప్పట్నించో మాటలు లేవు కదా? తినాలనిపించినవి తినమన్నావు. వెళ్ళాలనిపించిన చోటికి వెళ్ళమన్నావు. పుస్తకంలో ఏం రాసుందో నువ్వు రాయక్కర్లేదు, నాకు అర్థమైంది.

ఇక్కడి సంగతి. బయటి రేడియేషన్ ఈ వారంతో అయిపోతుంది. మొన్న పరీక్ష చేసి, గడ్డ బాగా కుదించుకుందని డాక్టరమ్మ సంతోషపడింది. ఇప్పుడు లోపలిది మొదలుపెట్టాలంటోంది. "బయటినుంచి మొత్తం ప్రాంతానికి ఇచ్చాం. ఇంకా ఇస్తే మూత్రసంచి, పేగు తట్టుకోవు. మొండిగా మిగిలిన చోటుకి మాత్రం దగ్గరగా వెళ్ళి ఇవ్వాలి" అని చెప్పింది. మత్తిచ్చి, లోపల సన్నటి గొట్టాలు పెడతారు. వాటికి తీగెలు తగిలిస్తారు. అందరూ గది బయటికి వెళ్ళిపోయి తలుపు వేసేస్తారు. తీగ చివర గింజంత రేడియేషన్ ముక్క తనంతట తను లోపలికి వచ్చి, కాసేపు ఉండి వెళ్ళిపోతుంది. అలా కొన్నిసార్లు. ఆలస్యం చెయ్యకూడదట, మధ్యలో విరామమిస్తే మిగిలిన గడ్డ మళ్ళీ పుంజుకుంటుందట.

నిజం చెబుతున్నా, ఆ గది తలచుకుంటే నాకు భయం వేసింది. కిక్కిరిసిన బస్సుకి నేనెప్పుడూ జంకలేదు. ఖాళీ గది, మూసిన తలుపు, కదలకుండా నేనొక్కదాన్ని. నయమయ్యేదైతే దానికీ ఒప్పుకుందును. ఎలాగూ లాభం లేనప్పుడు, ఉన్న నాలుగు రోజులూ ఆ గొట్టాలతో ఎందుకు? వద్దనుకుంటున్నాను. నువ్వూ మొదట్లోనే వద్దన్నావు కదా, రెండోసారి పెట్టకూడదని. అప్పుడు నవ్వుకున్నాను.

మా ఆయనతో చెప్పాను. పొద్దుట్నించీ కారు తుడుస్తున్నాడు. రంగు పోయేలా ఉంది.

వచ్చే సోమవారం డాక్టరమ్మకి ఏ సంగతీ చెప్పాలి.

నీ చెల్లెలు


మార్చి 21, శనివారం

ఒసే చెల్లాయ్,

ఇప్పుడే నీతో ఫోన్‌లో మాట్లాడి వచ్చాను. మాట్లాడానన్నది నా వైపు నుంచి నిజం. నీ వైపు నుంచి నాకు వినపడింది తుమ్మెద రొద ఒక్కటే. నువ్వు ఔనన్నావో కాదన్నావో తెలియక చెప్పులైనా విప్పకుండా రాస్తున్నాను, కొక్కిరిబిక్కిరి గీతలు క్షమించు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. నీ ఉత్తరం వచ్చింది. మీ వదిన చదివి, కళ్ళద్దాలు తీసి నావైపు చూసింది. పెళ్ళైన కొత్తలో నేను వాళ్ళ నాన్నగారి ఫోటోలో తల కత్తిరించినప్పుడు చూసిన చూపు. "ఏం చదివావు ఆ పుస్తకంలో?" అంది. చెప్పాను. నీలాంటివాళ్ళలో బతికేవాళ్ళు బహు కొద్దిమంది అని రాసుంది. చదివిన రోజునుంచి నాకు కలం కదల్లేదు. కథ రాద్దామని కూర్చుంటే ప్రతి కథలోనూ నువ్వే వచ్చి కూర్చున్నావు. అందుకని ఆ నాలుగు ముక్కలూ రాసి పడేశాను. మీ వదిన అంతా విని ఒక్కటే అడిగింది: "ఆ పుస్తకం ఎప్పటిది?"

చూడలేదే! ఫోటో చూడగానే ఏ కాలం కాగితమో చెప్పగలిగే నేను, పుస్తకం మొదటి పేజీ తిప్పలేదు. చెప్పులేసుకుని లైబ్రరీకి పరిగెత్తాను. పరిగెత్తానంటే, నా పరుగు నీకు తెలుసు, పక్కన నడిచేవాళ్ళు దాటిపోతారు. తీసి చూస్తే, నా పెళ్ళికి ముందు అచ్చయిన పుస్తకం! లైబ్రరీ ఆయన, "దాన్ని ఎవరూ చదవరండీ, అట్ట బాగుందని అలమరలో ఉంచాం" అన్నాడు. అప్పటికి స్కానింగులు లేవు. గడ్డ ఎంతుందో ఎటుందో చూడకుండా, చేత్తో అందాజుగా పెట్టేవాళ్ళు. ఆనాటి లెక్క చదివి నేను నీకు ఈనాడు దినం పెట్టేశాను.

అక్కణ్ణించి తిన్నగా మా వీధి సైకిలుషాపుకి. అక్కడ ఫోనుంది. మా ఇంటిది మొరాయించి నెలైంది, వినపడనివాడికి ఎందుకని బాగుచేయించలేదు. దారిలో నీ ఉత్తరం మళ్ళీ తీశాను. "మొండిగా మిగిలిన చోటుకి మాత్రం దగ్గరగా వెళ్ళి" అన్న ముక్క చూసి నడిరోడ్డు మీద ఆగిపోయాను. వెనకనుంచి ఎవరో బెల్లు కొట్టి తిట్టే ఉంటారు, నాకు వినపడదు కాబట్టి నష్టం లేదు.

చెల్లాయ్, నేను చెప్పింది తప్పు. ఇది గురువుగారి మీసం కాదు. ఇది మా చీకటిగదిలో రోజూ చేసే పని! చూడు: ఫోటో ప్రింటు వేసేటప్పుడు ముందు కాగితం మొత్తానికి వెలుతురు ఇస్తాం. కొన్ని ఫోటోల్లో ఒక మూల మొండికేస్తుంది, ఎంతిచ్చినా తెల్లగా పాలిపోయి ఉంటుంది. దానికోసం మొత్తానికి ఇంకా ఇస్తే మిగతాదంతా నల్లగా మాడిపోతుంది. అప్పుడేం చేస్తాం? అట్టముక్కకి చిన్న చిల్లు పెట్టి, దాన్ని అడ్డం పట్టుకుని, ఆ చిల్లులోంచి ఆ మూలకి మాత్రమే ఇంకాస్త వెలుతురు పోస్తాం. మిగతా కాగితం క్షేమం. అది లేకుండా మంచి ఫోటో లేదు. నా చేతిమీదుగా వేల ఫోటోలు అలాగే బాగుపడ్డాయి. మీ డాక్టరమ్మ చెప్పేది సరిగ్గా అదే. నేను ఒక్క క్షణంలో పోల్చుకోవాల్సింది, మీసం కథ చెప్పే సరదాలో పడి పోల్చుకోలేదు.

ఇదంతా ఫోన్‌లో చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో తెలియదు. పెట్టేసి చూస్తే షాపు ముందు జనం ఉన్నారు. ఎందుకున్నారో?

సోమవారం వెళ్ళు. పెట్టించుకో. ఔనో కాదో వెంటనే రాయి.

మీ అన్నయ్య


మార్చి 21

అన్నయ్యా,

నీ ఫోన్ పెట్టేసిన అరగంటకి రాస్తున్నాను. నువ్వు ఎంత గట్టిగా అరిచావో నీకు తెలిసుండదు కాబట్టి చెబుతున్నాను విను.

మా ఆయన ఫోన్ తీసి, అదిరిపడి, చెవికి దూరంగా బల్ల మీద పెట్టాడు. స్పీకరు అక్కర్లేకపోయింది. నువ్వు మొదట అన్న మాట: "ఒసే, యోని క్యాన్సర్‌కి లోపలి రేడియేషన్ పెట్టించుకోవే!" అక్షరం పొల్లుపోలేదు. నీ వెనక సైకిలుకి గాలి కొట్టే చప్పుడు వినపడుతోంది. ఠక్కున ఆగిపోయింది. తరవాత నువ్వు ఆ మాట ఇంకా చాలాసార్లు అన్నావు. మా గోడకవతల పక్కింటివాళ్ళు టీవీ కట్టేశారు.

నేను "సరే" అన్నాను. నువ్వు "ఏమిటీ?" అన్నావు. "సరే అన్నయ్యా!" అన్నాను. "ఏడవకు!" అన్నావు. నేను ఏడవట్లేదు, మా ఆయన భుజం పట్టుకుని నవ్వుతున్నాను. "సరే" అని బస్సులో అరిచినట్టు అరిచాను. నువ్వు, "అట్టముక్క గుర్తుంచుకో! చిల్లు!" అని పెట్టేశావు.

అట్టముక్క ఏమిటో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అంటించిన కవరులో రాయడానికే భయపడి "అక్కడ" అని రాసే మనిషి, వీధి వీధంతా వినేలా ఆ మాట అరిచాడంటే, నేను బతకాలని నీకు ఎంతుందో అర్థమైంది. ఆ పుస్తకం పాతదన్నావు, అదీ అర్థమైంది.

సోమవారం వెళ్తున్నాను. మా ఆయన అప్పుడే కారులో పెట్రోలు పోయించుకొచ్చాడు.

నీ చెల్లెలు


ఏప్రిల్ 17

అన్నయ్యా,

అయిపోయింది. నిన్నటితో ఆఖరు. గడువులోపలే పూర్తయిందని డాక్టరమ్మ సంబరపడింది.

మొదటిసారి సంగతి చెబుతాను. వెన్నులో మత్తు ఇచ్చారు. గొట్టాలు పెట్టేది తెలియలేదు. పెట్టాక బల్ల మీద అలాగే కదలకుండా స్కానింగుకి తీసుకెళ్ళారు. లెక్కలు వేసే ఆయన ఒకాయన ఉన్నాడు. ఎంతసేపు, ఏ గొట్టంలో, ఎంత లోతున అని కంప్యూటరులో గీతలు గీస్తాడు. ఆయనకి నీ అట్టముక్క చెప్పాను (నీ ఉత్తరం అప్పటికి అందింది). "సరిగ్గా అంతే కాదు గానీ, ఆలోచన అదేనండీ. మీ అన్నయ్యగారికి చెప్పండి, మా చిల్లు కాస్త ఖరీదైనది" అన్నాడు.

తరవాత తలుపు వేసేశారు. భయపడ్డానా అంటే భయపడ్డాను. మైకులో మిషను అమ్మాయి, "ఆంటీ, ఏమైనా కథ చెప్పండి, ఇక్కడ మేం వింటాం" అంది. మీసం కథ చెప్పాను. కదలకూడదు కాబట్టి నవ్వకుండా చెప్పాను. అవతల వాళ్ళు నవ్వడం మైకులో వినపడింది. మిషను టకటకమంది, గింజ వచ్చింది, వెళ్ళింది. నాకేమీ తెలియలేదు. గొట్టాలు తీసేటప్పుడు మాత్రం, అమ్మో, ఆ కాసేపూ నువ్వు ఎదురుగా ఉంటే నీ చెయ్యి విరిచేసేదాన్ని.

అసలు లెక్క డాక్టరమ్మనే అడిగాను. దాచకుండా చెప్పమన్నాను. "మీది అరుదైన జబ్బు కాబట్టి మా దగ్గర లెక్కలూ కొద్దిగానే ఉంటాయి. మీ దశలో సగానికి పైగా మంది ఐదేళ్ళు దాటుతున్నారు. బయటిదొక్కటే చేయించుకున్నవాళ్ళ కంటే, లోపలిది కూడా చేయించుకున్నవాళ్ళు మెరుగ్గా ఉన్నారు. మీకు గడ్డ బాగా లొంగింది. ఇంతకుమించి చెబితే అబద్ధమవుతుంది" అంది. సగానికి పైగా. నిలబడి ప్రయాణం చేసేవాళ్ళకి అది మంచి వార్తే అన్నయ్యా, ఎక్కడో ఒకచోట సీటు దొరుకుతుంది.

జూలైలో స్కాన్. అప్పటిదాకా ఏమీ తేలదు.

ఇంకోటి. దారి మూసుకుపోకుండా రోజూ వాడమని ఒక సాధనం ఇచ్చారు. దాని గురించి వదినకి వేరే కాగితం మీద రాశాను. నువ్వు చదవకు. చదివితే మళ్ళీ సైకిలుషాపుకి పోతావు.

నీ చెల్లెలు


ఏప్రిల్ 24

చెల్లాయికి దీవెనలు. లెక్కలు వేసే ఆయనకి నా నమస్కారాలు, ఖరీదైన చిల్లు ఆయనకి.

వేరే కాగితం చదవలేదు. మీ వదిన చదివి, "ఎంత మంచి ఏర్పాటు" అని మడిచి బియ్యం డబ్బాలో దాచింది. అక్కడెందుకో అడగలేదు.

నువ్వు నా వీధి సంగతి అడగలేదు గానీ చెప్పాలి. ఫోన్ అయిన మర్నాటినుంచి మగవాళ్ళు నన్ను చూస్తే ఆకాశం చూస్తున్నారు. వానొస్తుందేమో అని రెండు రోజులు గొడుగు పట్టుకు తిరిగాను. ఆడవాళ్ళు మాత్రం మీ వదిన దగ్గరికి ఒక్కొక్కళ్ళే రావడం మొదలుపెట్టారు. చక్కెర అప్పుకని ఒకరు, దారం రీలు కోసమని ఒకరు. వచ్చి గొంతు తగ్గించి, "మీ ఆడపడుచుకి మొదట ఏం కనపడింది?" అని అడగడం. మా ఎదురింటి బట్టలు కుట్టే ఆవిడకి, వయసు మళ్ళాక మళ్ళీ రక్తం కనపడుతోందట. ఎవరికీ చెప్పలేదు. నీలాగే మజ్జిగ వైద్యం. మీ వదిన ఆవిడ కత్తెర లాక్కుని, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. క్యాన్సర్ కాదట, కండ పెరిగితే తీసేశారు. ఇప్పుడావిడ నాకు ఉచితంగా చొక్కా కుడతానంటోంది. కొలతలు తీసుకుంటూ, "మీరు ఆరోజు భలే అరిచారండీ" అంది. నాకు ఎక్కడ చూడాలో తెలియక, నేనూ ఆకాశం చూశాను.

సైకిలుషాపు ఆయన మాత్రం నా దగ్గరికి వచ్చి నిలబడి, నాకు వినపడాలని చెవిలో అరిచాడు: "అన్నా! చెల్లెమ్మ ఔనందా?" అన్ని రోజులూ ఆయన దానికోసమే కాచుకున్నాడట. ఔనందని చెబితే, ఆరోజు ఆపిన గాలిపంపు ఇప్పుడు మొదలుపెట్టినంత సంతోషంగా వెళ్ళి ఎవరి టైరో పగిలేదాకా కొట్టాడు.

సగానికి పైగా అన్నావు. నాకు చాలదు. నాకు మొత్తం కావాలి. జూలై దాకా నేనేం చెయ్యాలో చెప్పు. మీ వదిన కూరలు తరగమంటోంది, వేళ్ళు తరుక్కుంటున్నాను.

మీ అన్నయ్య


జూలై 22

అన్నయ్యా,

కూర్చోనక్కర్లేదు. నిలబడే చదువు. వదినా, నువ్వు ఎలాగైనా చదువు.

స్కానింగులో ఏమీ లేదు. డాక్టరమ్మ చేత్తో పరీక్ష చేసింది, అక్కడా ఏమీ లేదు. "కనపడట్లేదు" అంది. "పోయిందా?" అన్నాను. "కనపడట్లేదు. పోయింది అనే మాట ఐదేళ్ళ తరవాత అంటాను, ఇప్పటికి ఇంతే ఇస్తాను. మూడు నెలలకోసారి రండి" అంది. ఇచ్చినంత తీసుకున్నాను. చిల్లర లేదని ఎవర్నీ బస్సులోంచి దించినదాన్ని కాదు.

హాల్లోకి వచ్చి చెబితే చీటీల అమ్మాయి ఏడ్చింది. రాయి ఆవిడ కూడా పరీక్షకి వచ్చింది. కొడుకు పక్కన కూర్చున్నాడు. అసలు సంగతి చెప్పేసిందట. ఆ అబ్బాయి చెవులదాకా ఎర్రబడి, తల్లి నీళ్ళసీసా పట్టుకుని, "అమ్మా, తాగు" అంటున్నాడు.

మా ఆయన గేటు దగ్గర కారులో ఉన్నాడు. వెళ్ళి కూర్చుని చెప్పాను. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకి చూస్తున్నాడు. ఇంజను తిప్పలేదు. చాలాసేపు తిప్పలేదు. నీకు తెలుసు కదా, నా బస్సుకి ఆయనే డ్రైవరు, సర్వీసంతా ఒకటే రూటు. ఉద్యోగం మానేశాక కూడా కారు ఎక్కితే ఆ రూటుమీదే తెలియకుండా తిప్పేస్తాడు. అలాంటి మనిషి, "ఎటు పోదాం?" అన్నాడు. కాపురంలో ఆయన నన్ను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

"నీ ఇష్టం" అన్నాను. ఊరు దాటించాడు. మా పాత రూటే, స్టాపులన్నీ వరసగా వస్తున్నాయి. ఆఖరి స్టాపు వచ్చింది. అక్కడ గుండ్రంగా ఒక తారు చక్రం ఉంటుంది, బస్సు తిప్పుకోవడానికి. అన్నేళ్ళలో ఎన్నిసార్లు తిరిగామో ఆ చక్రం చుట్టూ. దాని అవతల కూడా రోడ్డు ఉంది. ఎటు పోతుందో మా ఇద్దరికీ తెలియదు, ఏనాడూ పోలేదు.

ఆయన చక్రం దగ్గర ఆపాడు. ఆపి, అలవాటు చొప్పున తల తిప్పకుండా నా మాట కోసం ఆగాడు. వెనక సీటులో ఎవరూ లేరు. నేను కారు తలుపు మీద అరచేత్తో రెండు సార్లు గట్టిగా కొట్టాను.

"రైట్, రైట్."

నీ చెల్లెలు